పన్ను తక్కువ కట్టే కంపెనీ మంచి కంపెనీయేనా? కొన్ని అపోహలు – వాస్తవాలు

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఆఫీసుకు రిటర్నుల పని మీద వచ్చేవారిలో కొందరు, తమకు షేర్లున్న కంపెనీల వార్షిక నివేదికలను కూడా వెంట తెస్తుంటారు. వారిలో విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు, దేవస్థానంలో పని చేసి పదవీ విరమణ పొందినవారు ఉన్నారు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు వ్యాపారంలో నాలుగు డబ్బులు వెనకేసుకున్నవారూ ఉన్నారు. కంపెనీ కట్టే పన్ను గురించి వారి మాటల్లో పదేపదే వినిపించే కొన్ని నమ్మకాలను, చార్టర్డ్ అకౌంటెంటుగా నా అనుభవం మేరకు, ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: కంపెనీ పన్ను ఎంత తక్కువ కడితే వాటాదారుకు అంత మేలు.

వాస్తవం: పన్ను ఎంత తగ్గిందన్నది కాదు, ఎందుకు తగ్గింది, ఇంకా ఎన్నాళ్లు తగ్గుతుంది అన్నవే మదుపరి అడగవలసిన ప్రశ్నలు. పన్నుకు ముందు 100 కోట్ల లాభం ఉన్న ఒక కంపెనీ, సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) మినహాయింపు వల్ల 18 కోట్ల పన్ను మాత్రమే చూపిందనుకుందాం. మన శ్రీసిటీలోనూ సెజ్ ఉంది కనుక ఈ మినహాయింపు సంగతి ఈ ప్రాంతంలో చాలామందికి తెలిసిందే: 2020 మార్చిలోగా పని మొదలుపెట్టిన యూనిట్లకు ఎగుమతి లాభంపై మొదటి 5 ఏళ్లు పూర్తిగా, తర్వాతి 5 ఏళ్లు సగం, ఆపై మరో 5 ఏళ్లు షరతులకు లోబడి సగం. ఆ గడువు తీరిపోయి, కంపెనీ 25.168 శాతం రేటుకు (22 శాతం పన్ను, దానిపై సర్‌చార్జి, సెస్సు కలిపి) చేరిందంటే పన్ను 25.17 కోట్లవుతుంది, మిగిలే లాభం 82 కోట్ల నుంచి 74.83 కోట్లకు దిగుతుంది. వ్యాపారంలో ఏ మార్పూ లేకుండానే లాభం దాదాపు 9 శాతం పడిపోయినట్టు. లాభానికి 20 రెట్లు ధర పెట్టి షేరు కొన్నవారు, ఎప్పటికైనా ముగిసిపోయే రాయితీకి కూడా 20 రెట్లు చెల్లించినట్టే.

అపోహ: యంత్రాలపై ఎక్కువ తరుగుదల చూపితే పన్ను తగ్గి లాభం పెరుగుతుంది.

వాస్తవం: తరుగుదల అంటే యంత్రం ఖరీదులో అరుగుదల కింద ఏటా లాభంలోంచి తీసేసే భాగం. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఉమ్మడి చిత్తూరు జిల్లానే ఉదాహరణగా తీసుకోవచ్చు. 1961 ఆదాయపు పన్ను చట్టం కింద నోటిఫై చేసిన వెనుకబడిన జిల్లాలలో చిత్తూరు ఒకటి. 2015 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 31 వరకు ఇక్కడ కొత్తగా ఫ్యాక్టరీ పెట్టి యంత్రాలు బిగించినవారికి, మామూలు తరుగుదల కాక, యంత్రం ఖరీదుపై 35 శాతం అదనపు తరుగుదల, 15 శాతం పెట్టుబడి భత్యం లభించేవి. 10 కోట్ల యంత్రాన్ని ఏడాదిలో 180 రోజులకు తగ్గకుండా వాడితే మామూలు తరుగుదల 1.5 కోట్లు, అదనపు తరుగుదల 3.5 కోట్లు, భత్యం 1.5 కోట్లు, వెరసి మొదటి ఏడాదే 6.5 కోట్ల మినహాయింపు.

ఇందులో తరుగుదల రూపంలో వచ్చిన 5 కోట్లు రాబోయే ఏళ్ల నుంచి ముందుకు జరుపుకున్నవే, ఎందుకంటే యంత్రం మొత్తం జీవితకాలంలో తరుగుదలగా దక్కేది ఆ 10 కోట్లకు మించదు. కంపెనీ పుస్తకాల్లో అదే యంత్రాన్ని 15 ఏళ్లకు సమానంగా పంచితే ఏడాదికి పడేది సుమారు 67 లక్షలే, మిగిలిన 4.33 కోట్ల తేడాపై తర్వాత కట్టాల్సిన పన్నును డిఫర్డ్ ట్యాక్స్‌గా లెక్కగట్టి లాభంలోంచి ముందే తీసేస్తారు. కాబట్టి నికర లాభం పెరగదు, డబ్బు బయటకు వెళ్లడం మాత్రం ఆలస్యమవుతుంది. బ్యాంకు వడ్డీ కట్టేవారికి ఆ ఆలస్యం కూడా లాభమే, కాదనను. భత్యంగా వచ్చిన 1.5 కోట్లు మాత్రం ఖరీదుకు మించి దొరికినది గనుక నిజంగా పన్ను మిగిల్చినది అదొక్కటే. వార్షిక నివేదికలో పన్ను నోట్ చదివే మదుపరి ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

అపోహ: 2019లో 22 శాతం రేటు వచ్చాక కూడా పాత విధానంలోనే కొనసాగిన కంపెనీలకు లెక్కలు తెలియవు.

వాస్తవం: ఆ రేటును ఎంచుకుంటే పైన చెప్పిన మినహాయింపులతో పాటు, గతంలో మ్యాట్ (కనీస ప్రత్యామ్నాయ పన్ను) కింద అదనంగా కట్టి, తర్వాతి పన్నుల్లో సర్దుకోవడానికి పోగుచేసుకున్న మ్యాట్ క్రెడిట్‌ను కూడా అప్పటి నిబంధనల ప్రకారం వదులుకోవాలి, ఒకసారి ఎంచుకున్నాక వెనక్కి రావడానికీ వీల్లేదు. చేతిలోని క్రెడిట్ ఖర్చయ్యేవరకు ఆగుదామనుకున్నవారిని తప్పుపట్టలేము.

అపోహ: చట్టబద్ధమైతే చాలు, ఎంత తెలివిగా పన్ను తగ్గిస్తే మార్కెట్ అంతగా మెచ్చుకుంటుంది.

వాస్తవం: చట్టం పరిధిలో ప్రణాళిక వేసుకోవచ్చు గానీ పైకి ఒకటి, లోపల ఒకటిగా ఉండే ఏర్పాట్లు ప్రణాళిక కిందికి రావని సుప్రీంకోర్టు 1985లోనే మెక్‌డోవెల్ కేసులో చెప్పింది. అలాంటి ఏర్పాట్లను పక్కన పెట్టే అధికారం ఇచ్చే గార్ (పన్ను తప్పించుకోవడాన్ని అడ్డుకునే సాధారణ) నిబంధనలు 2017 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. కోర్టులో గెలిచినా నిశ్చింత ఉండదనడానికి టెలికాం కంపెనీ వొడాఫోన్ పన్ను వివాదమే చాలు: 2012 జనవరిలో సుప్రీంకోర్టులో ఆ కంపెనీ గెలిచింది, అదే ఏడాది పార్లమెంటు వెనకటి తేదీ నుంచి వర్తించేలా చట్టాన్ని సవరించింది, ఆ సవరణను ప్రభుత్వం ఉపసంహరించుకోవడానికి 2021 ఆగస్టు దాకా పట్టింది. అమెరికాలో హాన్లన్, స్లెమ్‌రాడ్ అనే ఆచార్యులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, పన్ను తప్పించుకునే పథకాల్లో పాలుపంచుకుందన్న వార్త వచ్చినప్పుడు ఆ కంపెనీ షేరు సగటున కొంత తగ్గిందని, వినియోగదారులతో నేరుగా వ్యాపారం చేసే కంపెనీలకు ఆ దెబ్బ ఎక్కువగా తగిలిందని తేలింది. పన్నుల శాఖను మభ్యపెట్టిన యాజమాన్యం మనకు మాత్రం నిజం చెబుతుందా అన్న అనుమానం మదుపరికి రావడం సహజం.

అపోహ: వివాదంలో ఉన్న పన్ను లాభనష్టాల ఖాతాలో కనిపించదు కాబట్టి దానితో మనకు పని లేదు.

వాస్తవం: ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేనూ అలాగే అనుకుని ఒక కంపెనీ షేర్లు కొన్నాను. దాని మూడేళ్ల లాభానికి సమానమైన పన్ను డిమాండు నోట్స్ చివర, ఆగంతుక బాధ్యతల (మున్ముందు కట్టాల్సి రావచ్చు, రాకపోవచ్చు అనే బాకీల) కింద చిన్న అక్షరాలలో ఉంది. నేను అంతదాకా చదవలేదు. ఏ పన్ను, ఎంత మొత్తం, ఏ ఏడాదికి సంబంధించినది, ఏ వేదిక ముందు నలుగుతోంది అన్న వివరాలు ఆడిటరు నివేదిక అనుబంధంలో పట్టికగా ఉంటాయి. ఇప్పుడు ఏ కంపెనీ నివేదికనైనా అక్కడి నుంచే చదవడం మొదలుపెడతాను.

అపోహ: ఇవన్నీ చూడాలంటే సీఏ చదివి ఉండాలి.

వాస్తవం: మా దగ్గరికి వచ్చే ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు గోడ క్యాలెండరు కాగితం వెనుక పెన్సిలుతో రెండు నిలువు గళ్లు గీస్తారు. ఒక దానిలో లాభనష్టాల ఖాతాలో చూపిన పన్ను, రెండో దానిలో క్యాష్ ఫ్లో స్టేట్‌మెంటులో నిజంగా చెల్లించిన పన్ను, ఐదేళ్లవి వరుసగా రాసి కింద కూడతారు. ఈమధ్య ఆయన తెచ్చిన కాగితంలో మొదటి గడిలో 140 కోట్లు, రెండో గడిలో 96 కోట్లు ఉన్నాయి. ‘‘మిగతా 44 కోట్లు ఎక్కడికి పోయినట్టు సార్?’’ అని అడిగారు. ఇద్దరం కలిసి డిఫర్డ్ ట్యాక్స్ నోట్ తీశాం: కంపెనీ కొత్త ప్లాంటు పెట్టింది, తేడా దాదాపు మొత్తం దాని తరుగుదలదే. ఆయన ఆ అంకె పక్కన ‘‘తర్వాత కట్టాలి’’ అని రాసుకుని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.