మీట పంపేది నంబరే: ట్యాబ్‌కు కీబోర్డు తగిలించే ముందు

కీబోర్డు మీద 'కె' అని అచ్చేసిన మీట నొక్కితే తెర మీద కె పడాలన్న రూలేమీ లేదు. తన నెత్తిన ఏ అక్షరం ఉందో ఆ మీటకు తెలియదు, లోపలున్న చిప్‌కూ తెలియదు. అక్కడి నుంచి ట్యాబ్‌కు వెళ్ళేది 14 అనే నంబరు మాత్రమే. ఆ 14ను ఇంగ్లీషు కె అనుకోవాలా, తెలుగు 'క' అనుకోవాలా అన్నది ట్యాబ్ ఇష్టం. బయటి కీబోర్డుతో వచ్చే తిప్పలు కొన్ని ఆ నంబరు ట్యాబ్‌దాకా చేరకపోవడం వల్ల, మిగతావి చేరిన నంబరును ట్యాబ్ వేరేగా చదువుకోవడం వల్ల. ఈ రెంటినీ కలిపేసుకుని చూస్తేనే టెన్షన్.

వరంగల్, హన్మకొండల్లో ట్యాబ్, కీబోర్డు జోడీతో పనిచేసుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. కాకతీయ యూనివర్సిటీలో థీసిస్ రాసుకునేవాళ్ళు, మండలాల నుంచి వార్తలు పంపే విలేకరులు, ప్రశ్నపత్రాలు టైప్ చేసుకునే టీచర్లు. ల్యాప్‌టాప్ కొనేంత ఖర్చు లేదు, ఫోన్ మీద బొటనవేళ్ళతో పేజీలకు పేజీలు కొట్టే బాధా లేదు. అయితే వీళ్ళలో ఎక్కువమంది రాసేది తెలుగు. పెట్టె మీదుండే సూచనలు మాత్రం ఇంగ్లీషు టైప్ చేసేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ముందు కీబోర్డు లోపలి సంగతి. మీటల కింద నిలువు తీగలు, అడ్డ తీగలు గళ్ళుగళ్ళుగా ఉంటాయి. మీట నొక్కితే ఒక నిలువు తీగ, ఒక అడ్డ తీగ కలుస్తాయి. లోపలి చిప్ ఈ గళ్ళన్నిటినీ సెకనుకు ఎన్నోసార్లు తడిమి చూస్తూ ఉంటుంది. నొక్కిన క్షణంలో ఆ కలయిక కొద్ది మిల్లీసెకన్లపాటు అదురుతుంది కనుక, అది కుదురుకునేదాకా ఆగి, అప్పుడు ఆ గడికి కేటాయించిన నంబరు పంపుతుంది. యూఎస్‌బీ ప్రమాణంలో ఈ నంబర్ల పట్టిక ఉంది. ఇంగ్లీషు ఎ స్థానానికి 4, బి స్థానానికి 5, అలా వరసగా జడ్‌కు 29. ఎంటర్ 40, స్పేస్ 44. సాధారణంగా ఒక్కో కబురు 8 బైట్లు. మొదటి బైటులో షిఫ్టు, కంట్రోలు, ఆల్ట్ లాంటి ఎనిమిది మీటల్లో ఏవేవి నొక్కి ఉన్నాయో ఉంటుంది. రెండోది ఖాళీ. మిగిలిన ఆరింటిలో ఆ క్షణాన నొక్కి ఉన్న మీటల నంబర్లు. క్లాసులో రోల్ నంబరు పిలవడం లాంటిదే ఇది. ఆ నంబరుకు ఏ పేరుందో చేతిలో ఉన్న రిజిస్టరును బట్టి ఉంటుంది. రిజిస్టరు ఉండేది ట్యాబ్ దగ్గర.

ఇక కొనే దగ్గరికొద్దాం. హన్మకొండ చౌరస్తాలో ఏ మొబైల్ షాపులోనైనా వినిపించే మాటలివి.

"భయ్యా, ఇది ట్యాబ్‌కు పనిచేస్తదా?"

"చేస్తది అన్నా, వైర్‌లెస్సే గదా."

వైర్‌లెస్ అన్నంత మాత్రాన సరిపోదు. కొన్ని కీబోర్డులతో పాటు గోటంత రిసీవర్ ఒకటి ఇస్తారు. దాన్ని కంప్యూటర్ యూఎస్‌బీ రంధ్రంలో పెట్టాలి. ఆ కీబోర్డు మాట్లాడేది ఆ రిసీవర్‌తోనే, బ్లూటూత్‌తో దానికి పని లేదు. ట్యాబ్ బ్లూటూత్ జాబితాలో ఎంతసేపు వెతికినా అది కనపడదు. అలాంటిది కొంటే ఓటీజీ ముక్క, అంటే యూఎస్‌బీ పరికరాన్ని ట్యాబ్‌కు తగిలించే చిన్న అడాప్టరు, కూడా కావాలి. అట్ట మీద బ్లూటూత్ అన్న మాట విడిగా ఉందో లేదో చూసుకోవడం మేలు. రెండు పద్ధతులూ ఉన్నవీ దొరుకుతాయి.

వైరున్న మామూలు కీబోర్డు కూడా ట్యాబ్‌కు పనికొస్తుంది. ఆండ్రాయిడ్‌లో 2011లో వచ్చిన 3.1 వెర్షన్ నుంచే ఈ సౌకర్యం ఉంది. చిక్కల్లా ఒకటే. యూఎస్‌బీలో ఒకరు యజమాని, ఒకరు అతిథి. ఛార్జర్‌కో కంప్యూటర్‌కో తగిలించినప్పుడు అతిథిగా ఉండే ట్యాబ్, కీబోర్డు తగిలిస్తే యజమాని కావాలి, దానికి కరెంటు కూడా ఇవ్వాలి. ఆ మార్పు చెప్పేది ఓటీజీ ముక్కే. పాత మైక్రో యూఎస్‌బీలో అయిదు పిన్నులుంటాయి. వాటిలో ఐడీ అనే పిన్నును ఓటీజీ కేబుల్ లోపల గ్రౌండుకు కలిపేస్తారు. అది చూసి ట్యాబ్ పాత్ర మార్చుకుంటుంది. టైప్-సి లో ఇదే పని 5.1 కిలో ఓమ్‌ల చిన్న రెసిస్టర్ చేస్తుంది. రెండువైపులా ప్లగ్గు సరిగ్గా పట్టినా ఆ ఏర్పాటు లోపల లేకపోతే కీబోర్డు లైటు కూడా వెలగదు. అంటే అక్కడ తప్పు కీబోర్డుది కాకపోవచ్చు, ముందు ఆ ముక్కను మార్చి చూడాలి. పాత మోడల్ చవక ట్యాబ్‌లలో కొన్నింటికి ఓటీజీయే ఉండదు, అది వేరే సంగతి.

బ్లూటూత్ అయితే జత కలపాలి. కీబోర్డు మీదున్న కనెక్ట్ మీటో, ఎఫ్ఎన్‌తో పాటు నొక్కే మరో మీటో కాసేపు అదిమి పడితే లైటు మిణుకుమిణుకుమంటుంది. అప్పుడు ట్యాబ్‌లో బ్లూటూత్ తెరిచి దాని పేరు ఎంచుకోవాలి. చాలాసార్లు తెర మీద ఆరంకెల సంఖ్య వస్తుంది. దాన్ని కీబోర్డు మీదే కొట్టి ఎంటర్ నొక్కమంటుంది. చాలామంది తెరను తాకి ఓకే నొక్కి ఊరుకుంటారు, జత కలవదు. కీబోర్డుకు తెర లేదు కనుక, తెర మీది సంఖ్యను చూస్తున్న మనిషి చేతిలోనే ఈ కీబోర్డు ఉందని రుజువయ్యేది ఆ మీటలు నొక్కినప్పుడే. మధ్యలో ఇంకెవరి పరికరమో దూరకుండా ఆ ఏర్పాటు. మనం పాస్‌వర్డులు కొట్టేది దీని మీదే కదా. కొన్ని చవక కీబోర్డులు ఆ సంఖ్య అడక్కుండానే కలిసిపోతాయి. కొనేవాళ్ళకు అది సుఖంగా కనిపిస్తుంది కానీ నాకు మాత్రం అడిగేవే నచ్చుతాయి.

ఒకసారి కలిశాక రెండువైపులా ఒక రహస్య సంకేతం దాచుకుంటాయి. ఇంట్లో పిల్లలు ట్యాబ్‌లో ఆ పేరును తీసేస్తే కీబోర్డులో మాత్రం పాత సంకేతం అలాగే ఉంటుంది. అప్పుడు కీబోర్డును మళ్ళీ జత కలిపే స్థితిలో పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇంకో తరచు ఇబ్బంది: ముందు ఫోన్‌కు కలిపిన కీబోర్డు, ఆన్ చేయగానే జేబులో ఉన్న ఆ ఫోన్‌నే వెతుక్కుంటూ పోతుంది. ఫోన్ బ్లూటూత్ ఆపి చూస్తే తెలిసిపోతుంది.

రద్దీలో బ్లూటూత్ ఆగుతుందేమోనని విలేకరులకు అనుమానం ఉంటుంది. బ్లూటూత్, వైఫైలో ఒక భాగం, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే తిరుగుతాయి. క్లాసిక్ బ్లూటూత్ అక్కడున్న 79 చానళ్ళ మీద సెకనుకు 1600 సార్లు గెంతుతుంది. రద్దీగా ఉన్న చానళ్ళను గుర్తుపట్టి తప్పుకునే తెలివి కూడా 2003లో 1.2 వెర్షన్‌తో వచ్చింది. పైగా ఒక్కో మీటకు పంపాల్సింది కొద్ది బైట్లే, దూరం జానెడు. మేడారం జాతర జనం మధ్య కూర్చుని వార్త కొట్టేవాళ్ళకు ముందు చేతులెత్తేసేది ఫోన్ నెట్‌వర్కే తప్ప కీబోర్డు కాదు.

కనెక్షన్ ఉందా లేదా తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. క్యాప్స్ లాక్‌కు లైటున్న కీబోర్డు అయితే ఆ మీట నొక్కి చూడండి. ఆ లైటు వెలిగించేది సాధారణంగా కీబోర్డు కాదు. నంబరు ట్యాబ్‌కు చేరి, ట్యాబ్ 'సరే, వెలిగించు' అని తిరుగు కబురు పంపితేనే వెలుగుతుంది. లైటు వెలిగిందంటే రాకపోకలు బాగున్నట్టే. అయినా అక్షరాలు పడకపోతే లోపం ట్యాబ్ సెట్టింగ్స్‌లో ఉంది.

అలాగే మీట అదిమిపెడితే అక్షరం వరసగా పడుతుంది కదా, అది కూడా ట్యాబ్ చేసే పనే. కీబోర్డు 'నొక్కారు' అని ఒకసారి, 'వదిలారు' అని ఒకసారి చెప్పి ఊరుకుంటుంది. మధ్యలో ఎన్నిసార్లు పడాలో ట్యాబ్ లెక్కేసుకుంటుంది. బ్యాటరీ అడుగంటి 'వదిలారు' అన్న కబురు ఆలస్యమైతే తెర మీద ఒకే అక్షరం వరసగా పరుగెడుతుంది. కీబోర్డు పాడైందని కంగారు పడకుండా ముందు ఛార్జింగ్ పెట్టి చూడొచ్చు. కాసేపు ఊరికే వదిలేస్తే కీబోర్డు నిద్రపోతుంది. లేపడానికి నొక్కిన మొదటి అక్షరం ఒక్కోసారి అందుకే మాయమవుతుంది.

ఇప్పుడు రిజిస్టరు సంగతి. సెట్టింగ్స్‌లో దాని పేరు లేఅవుట్. ఈమెయిల్ చిరునామా కొడుతుంటే 2 మీద షిఫ్టుతో రావాల్సిన గుర్తుకు బదులు కోట్ గుర్తు వస్తోందా? అయితే ట్యాబ్‌లో బ్రిటిష్ ఇంగ్లీషు లేఅవుట్ ఉంది. అక్కడ ఆ రెండు గుర్తులూ స్థానాలు మార్చుకుంటాయి. అమెరికన్ ఇంగ్లీషు లేఅవుట్ పెడితే తీరిపోతుంది. మన దేశంలో అమ్మే చాలా కీబోర్డుల్లో 4 మీట మీద రూపాయి గుర్తు కూడా అచ్చేసి ఉంటుంది. విండోస్ ట్యాబ్‌లో ఇంగ్లీషు ఇండియా లేఅవుట్ పెట్టుకుని కుడివైపు ఆల్ట్‌తో 4 నొక్కితే అది వస్తుంది. అమెరికన్ లేఅవుట్‌లో రాదు. మీట మీది అచ్చు ఉత్త బొమ్మే. తెలుగు అక్షరాల స్టిక్కర్లు అతికించినా అంతే, వేళ్ళకు దారి చూపుతాయి గానీ ట్యాబ్‌కు ఏమీ చెప్పవు.

లేఅవుట్ మార్చే చోటు ఆండ్రాయిడ్‌లో కంపెనీని బట్టి మారుతుంది. కీబోర్డు కలిపి ఉంచి, సెట్టింగ్స్ వెతుకులాటలో 'ఫిజికల్ కీబోర్డు' అని కొట్టడమే దగ్గరి దారి. ఐప్యాడ్‌లో జనరల్, కీబోర్డు, హార్డ్‌వేర్ కీబోర్డు అనే వరసలో ఉంటుంది. కీబోర్డు కలపకపోతే ఆ చివరి మెనూ అసలు కనపడదు.

తెలుగులో ఒక పేరు కొట్టి చూద్దాం. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో, అంటే మీటలకు నేరుగా తెలుగు అక్షరాలే కేటాయించిన పద్ధతిలో, 'వరంగల్' అని రావాలంటే బి, జె, ఎక్స్, ఐ, ఎన్, డి మీటలు వరసగా నొక్కాలి. కీబోర్డు పంపేవి 5, 13, 27, 12, 17, 7. లేఅవుట్ తెలుగుదైతే ట్యాబ్ వీటిని, ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలిచ్చే పట్టిక అయిన యూనికోడ్‌లోని 3125, 3120, 3074, 3095, 3122, 3149గా మారుస్తుంది. అంటే వ, ర, సున్న, గ, ల, పొల్లు. అవే ఆరు మీటలు హిందీ ఇన్‌స్క్రిప్ట్‌లో నాగరి లిపిలో వరంగల్ అని రాస్తాయి. ఇంగ్లీషులో ఉంటే అర్థంపర్థం లేని ఆరు అక్షరాలు పడతాయి. మూడుసార్లూ కీబోర్డు పంపింది అవే ఆరు నంబర్లు.

ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవాళ్ళు అసలు ఇబ్బంది పడేది ఇక్కడే. ఆ మార్పిడి చేసేది తెర మీది కీబోర్డు యాప్. బయటి కీబోర్డు తగిలించగానే ఆ తెర కీబోర్డు ముడుచుకుపోతుంది. బయటి మీటల నంబర్లు కూడా ముందు ఆ యాప్ చెవిన పడతాయి కానీ, వాటిని తెలుగులోకి మార్చాలా, అలాగే వదిలేయాలా అన్నది యాప్ రాసినవాళ్ళ మీద ఆధారపడి ఉంటుంది. కొన్ని మారుస్తాయి, కొన్ని పట్టించుకోవు. ఫోన్‌లో చక్కగా వచ్చిన తెలుగు ట్యాబ్‌లో బయటి కీబోర్డుతో రాకపోతే కారణం ఇదే. విండోస్ ట్యాబ్ ఉన్నవాళ్ళకు ఈ తిప్పలు తక్కువ. 2019 మే అప్‌డేట్ నుంచి ఉచ్చారణ పద్ధతి తెలుగు కీబోర్డు అందులోనే ఉంది, ఇన్‌స్క్రిప్ట్ అంతకు ముందు నుంచే ఉంది. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఐప్యాడ్‌లో అదే పనికి కంట్రోల్, స్పేస్.

నా ఓటు ఇన్‌స్క్రిప్ట్‌కే. 1980లలో భారతీయ భాషల్లో చాలావాటికి కలిపి రూపొందించిన పద్ధతి అది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. కె మీద క, అదే షిఫ్టుతో ఖ. ఐ మీద గ, షిఫ్టుతో ఘ. ఇంగ్లీషు స్పెల్లింగు ఆలోచించే పని లేదు, యాప్ సూచనల్లోంచి ఏరుకునే పని అంతకన్నా లేదు. మొదట్లో నత్తనడకే, ఒప్పుకోవాలి. రోజుకు నాలుగు వాక్యాలు రాసేవాళ్ళకు ఆ శ్రమ దండగ. వందల పేజీల థీసిస్ రాయాల్సినవాళ్ళకు కాదు.

తెలుగు టైపింగ్‌లో రెండు వింతలు కొత్తవాళ్ళను కంగారు పెడతాయి. 'క్క' అన్నది మనకు ఒక అక్షరం, ట్యాబ్‌కు మూడు సంకేతాలు: క, పొల్లు, మళ్ళీ క. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే చాలాచోట్ల చివరి క మాత్రమే పోయి 'క్' మిగులుతుంది. అది లోపం కాదు, లెక్క అంతే. రెండోది 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలు. పొల్లు తర్వాత వ కొడితే అది వత్తుగా మారి ముందు అక్షరం కింద చేరిపోతుంది. రెంటినీ విడిగా నిలబెట్టడానికి మధ్యలో కంటికి కనిపించని, వెడల్పు లేని సంకేతం ఒకటి పెట్టాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. ఎంచుకున్న లేఅవుట్‌లో అది ఎక్కడుందో మొదటి రోజే తెలుసుకుని ఉంచుకోవడం మంచిది. ఇంగ్లీషు మాటలు లేకుండా మనం రాసే పేజీ ఏది?

డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి పనిచేసిన చేతులకు మాత్రం ఇంకో చిక్కుంది. వాళ్ళకు అలవాటైన మీటల వరసలు పాత ఫాంట్ల కోసం చేసినవి. ఆ ఫాంట్లలో తెలుగు ముక్కలన్నీ ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంఖ్యల మీదే కూర్చుని ఉంటాయి. ఆ ఫైలును ట్యాబ్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపించడానికి కారణం అదే, ఫాంటు లేకపోతే అక్కడున్నది తెలుగని చెప్పే సమాచారమే లేదు. కొత్తగా యూనికోడ్‌లో రాసింది ఇంకా పాత ఫాంట్లే వాడే చోట అచ్చుకు ఇవ్వాలన్నా, పాతది ట్యాబ్‌లోకి తెచ్చుకోవాలన్నా మార్పిడి ప్రోగ్రాములు వాడాల్సిందే. మార్చాక వత్తులు, సున్నలు ఒకసారి కళ్ళతో సరిచూసుకోవాలి, ముఖ్యంగా మనుషుల పేర్లలో.