పందెం లెక్కలో ఏది సమానం?

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల్లో చాలామందికి రైళ్ల లెక్కలంటే భయం ఉండదు, పరుగు పందెం బిట్ వస్తేనే టెన్షన్. నిజానికి ఇది రైలు లెక్క కన్నా తేలిక. ఫార్ములా వెతుక్కోవడంతోనే చిక్కంతా.

‘వంద మీటర్ల పందెంలో రవి సురేష్‌ను 10 మీటర్ల తేడాతో ఓడించాడు.’ ఇందులో వేగమూ లేదు, కాలమూ లేదు. కానీ రవి 100 మీటర్లు పరుగెత్తిన సమయంలోనే సురేష్ 90 మీటర్లు పరుగెత్తాడని ఉంది. ఇద్దరికీ కాలం సమానం కాబట్టి వేగాల నిష్పత్తి 10:9. రవి 12 సెకన్లలో ముగించాడా, 20 సెకన్లలోనా అన్నది మనకు అక్కర్లేదు.

ఇప్పుడు ఎస్వీ యూనివర్సిటీ తారకరామ స్టేడియంలో మళ్లీ పందెం పెట్టి, సురేష్‌ను పందెం మొదలయ్యే గీత దగ్గర, రవిని ఆ గీతకు 10 మీటర్లు వెనక నిలబెడదాం. వేగాలు మారలేదు. ఎవరు గెలుస్తారు? ‘ఇద్దరూ ఒకేసారి చేరతారు’ అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. చూద్దాం. రవి 100 మీటర్లు పరుగెత్తేసరికి సురేష్ 90 మీటర్లు వచ్చాడు. అంటే ఇద్దరూ 90 మీటర్ల గుర్తు దగ్గర పక్కపక్కనే ఉన్నారు. మిగిలిన పది మీటర్లలో వేగం ఎక్కువున్నవాడిదే పైచేయి. రవే గెలుస్తాడు, ఒక్క మీటరు తేడాతో. నిజంగా సమానం కావాలంటే అతను సుమారు 11.11 మీటర్లు వెనక నుంచి మొదలుపెట్టాలి.

ఇలాంటిదే ఇంకొకటి. సురేష్ కూడా మహేష్‌ను 100 మీటర్లలో 10 మీటర్ల తేడాతో ఓడిస్తే, రవి మహేష్‌ను 20 మీటర్లతో ఓడించడు. 90లో పదో వంతు తగ్గితే 81, కాబట్టి తేడా 19.

అన్ని లెక్కల్లోనూ కాలమే సమానంగా ఉండదు. అలిపిరి మెట్ల దారి దాదాపు 9 కిలోమీటర్లు. గంటకు 3 కిలోమీటర్ల వేగంతో ఎక్కి, 4.5 వేగంతో దిగితే సగటు 3.75 అనిపిస్తుంది. ఇక్కడ సమానమైంది దూరం. ఎక్కడానికి 3 గంటలు, దిగడానికి 2. మొత్తం 18 కిలోమీటర్లకు 5 గంటలు, సగటు 3.6. నెమ్మదిగా నడిచిన సమయమే ఎక్కువ కదా, సగటు అటువైపే ఒరుగుతుంది.

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లోనూ దూరం సమానమే. పి.టి. ఉష 55.42 సెకన్లలో ముగించి, సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. 400ను 55.42తో భాగిస్తే సెకనుకు సుమారు 7.2 మీటర్లు. దాన్ని 18/5తో గుణిస్తే గంటకు దాదాపు 26 కిలోమీటర్లు. ఆ వేగంతో సెకనులో నూరో వంతుకు 7.2 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు. అదీ సగటు వేగంతో వేసిన లెక్క. చివరి మీటర్లలో అలసిన కాళ్ల వేగం అంతకన్నా తక్కువైతే, తేడా బెత్తెడు కూడా ఉండదు.