"సాక్ష్యం చెప్పేశాం కదా, ఇక మాత్రలెందుకు?" విశ్వాసులలో అపోహలు, వాస్తవాలు

శ్రమకాలం, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు, మొదలైందంటే నాకు గుబులు. నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు, స్వస్థత కూడికలు అయ్యాక మా వార్డుల్లో ఏటా ఒకే కథ చూస్తాను. ఆసుపత్రిలో రోగుల పక్కన కూర్చుని మాట్లాడటం, ప్రార్థన చేయడం నా పని. పదిహేడేళ్లుగా చేస్తున్నాను. ఇన్నేళ్లలో మా జనాన్ని ఎక్కువగా దెబ్బతీసిన మాట ఏదంటే, "విశ్వాసం ఉన్నవాడికి మందులు అక్కర్లేదు" అన్నదే.

ఒక తల్లి సంగతి చెబుతాను. కొడుక్కి పంతొమ్మిదేళ్లు, ఫిట్స్. మాత్రలతో రెండేళ్లుగా అదుపులో ఉంది. ఒక కూడికలో ప్రార్థన చేయించుకున్నారు. "స్వస్థత పొందినవాళ్లు ముందుకు రండి" అంటే ఆమె వెళ్లి, దేవుడు నా కొడుకును బాగుచేశాడని మైకులో సాక్ష్యం చెప్పింది. ఆ రాత్రి నుంచి మాత్రలు ఆపేసింది. అయిదో రోజు తెల్లవారుజామున మొదలైన ఫిట్స్ ఆగలేదు. నేను వెళ్లేసరికి ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో బైబిలు, చేతిలో ప్రార్థన నూనె సీసా. బైబిలు జిప్పు కవరు తీస్తే అందులో మాత్రల షీటు, పైవరసలో నాలుగు తప్ప మిగతావన్నీ అలాగే ఉన్నాయి.

"మైకులో చెప్పేశాను అయ్యగారూ. మళ్లీ మాత్ర వేస్తే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టే కదా?" అంది.

అసలు ముడి ఇక్కడే ఉంది. చాలామంది మందులు మానేది విశ్వాసం పొంగిపోయి కాదు, సంఘం ముందు మాట పోతుందన్న భయంతో. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. ఆమెతో సాక్ష్యం చెప్పించి, మాత్రల గురించి ఒక్క ముక్క చెప్పకుండా పంపించేసినవాళ్ల మీద మాత్రం నాకు కోపం ఉంది.

బైబిల్లో ఏముందో చూడండి. కుష్ఠరోగిని బాగుచేసిన యేసు వెంటనే ఏమన్నాడు? ఎవరితోనూ చెప్పవద్దు, వెళ్లి యాజకునికి కనబరచుకొమ్మన్నాడు. లేవీయకాండం ప్రకారం ఆ రోగాన్ని పరీక్షించి, తగ్గిందని తేల్చాల్సింది యాజకుడే. అంటే పరీక్ష ముందు, సాక్ష్యం తర్వాత. ఈ రోజుల్లో మీ యాజకుడు న్యూరాలజీ ఓపీలో కూర్చుని ఉన్నాడు. వెళ్లి చూపించుకోండి. నిజంగా తగ్గితే డోసు ఆయనే మెల్లగా తగ్గిస్తాడు. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఇన్సులిన్ మీద ఉన్న పిల్లలకు అది ఆపితే కొద్ది రోజులు కూడా పట్టదు. టీబీ మందులు నెలల తరబడి వాడాలి. "దగ్గు తగ్గింది, దేవునికి స్తోత్రం" అని మధ్యలో మానేస్తే రోగం మందుకు లొంగకుండా తిరగబడుతుంది.

పుండుతో చావుకు దగ్గరైన హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థిస్తే దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు పెంచాడు. ఆ వెంటనే యెషయా ప్రవక్త ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. అపొస్తలుడైన పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. మన తెలుగు నేల మీద సువార్త కూడా మందుల పెట్టెతో కలిసే నడిచింది. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయకు, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠుకు ఆసుపత్రులు పెట్టింది మిషనరీలే. వాళ్లకు విశ్వాసం తక్కువై పెట్టారా?

ఉపవాసం గురించి కూడా ఒక మాట. షుగరుకు మాత్రో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరును అడగకుండా పూట మానకండి. చెమటలు పట్టి వణుకుతుంటే ముందు పంచదార నీళ్లు తాగించండి, చుట్టూ చేరి ప్రార్థన తర్వాత చేయొచ్చు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. "విశ్వాసికి టెన్షన్, డిప్రెషన్ రావు." కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగిరావడం కళ్లారా చూసిన ఏలీయా ప్రవక్త, ఆ వెంటనే బదరీ చెట్టు కింద చావు కోరుకున్నాడు. దేవుడు అతన్ని తిట్టలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్లు పంపాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. నిద్ర పట్టక, అన్నం సయించక వారాలు గడుస్తుంటే మానసిక వైద్యుణ్ణి కలవండి, ప్రార్థన కూడా చేయించుకోండి. "ఏడిస్తే అవిశ్వాసం." లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్లు విడిచాడు. "రోగం తగ్గలేదంటే దాచుకున్న పాపం ఏదో ఉంది." తన శరీరంలో ముల్లులా బాధించేదాన్ని తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. దాచుకున్న పాపం మాట రోగి మంచం పక్కన అనేవాళ్లను నేను బయటికి పంపేస్తాను.

ఇక "ధైర్యపరచడమంటే వాక్యం చెప్పడమే" అనేది. బిడ్డలను, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరు మెదపలేదు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాకే పాడుచేశారు.

మా నాన్న ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా ఫోనుకు ఎన్ని వాక్యాలు వచ్చాయో లెక్కలేదు. అప్పటికి రెండు రాత్రులుగా నాకు కంటి మీద కునుకు లేదు, అవి చదివే ఓపిక కూడా లేదు. ఆ సాయంత్రం మా సంఘ పెద్ద ఒకాయన ఫ్లాస్కులో కాఫీ, ఒక దుప్పటి పట్టుకుని వచ్చాడు. "నువ్వు పడుకోరా అబ్బాయ్, నర్సు పిలిస్తే నేను చూసుకుంటా" అన్నాడు. వరండా బల్ల మీద ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. లేచేసరికి ఆయన తలుపు పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, కళ్లు ఎర్రగా. నా తల మీద చెయ్యి పెట్టి రెండు మాటల్లో ప్రార్థన చేసి, నాట్లున్నాయని మొదటి బస్సుకు వెళ్లిపోయాడు.