తరవాణి కుండలో ఏం జరుగుతుంది?

పర్లాకిమిడిలో మా వంటింటికీ పక్కింటి మౌసీ వంటింటికీ మధ్య అడ్డం ఒక్క గోడే. రాత్రి అన్నంలో పోసి పులియబెట్టిన నీళ్లను మేం తరవాణి అంటే ఆవిడ తొరాణి అంటుంది. మా చద్దన్నం ఆవిడకి పొఖాళొ. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు మద్రాసు నుంచి అటు వెళ్లింది గానీ, కుండలో ఉన్నది మారలేదు.

ఏటా మార్చి 20న పొఖాళొ దినం. ఆ రోజు ఫోన్ నిండా కంచాల ఫొటోలు, వాటి కింద ఒక మాట: రాత్రంతా నానితే అన్నంలో ఇనుము ఎన్నో రెట్లు పెరిగిపోతుందట. ఇనుము మూలకం కదా, ఏ సూక్ష్మజీవీ దాన్ని పుట్టించలేదు. 100 గ్రాముల తెల్ల బియ్యంలో ఉండేది 1 మిల్లీగ్రాము లోపే. పాత్ర నుంచో నీళ్ల నుంచో కాస్త దిగితే దిగొచ్చు. పులిసినందువల్ల మారగలిగేదల్లా, ఉన్న ఇనుములో ఒంటికి పట్టేది ఎంత అన్నదే.

గింజల్లో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. ఇనుము, జింకు, కాల్షియం మూడింటినీ పట్టుకుని, పేగు దాకా వచ్చినా ఓ పట్టాన వదలదు. దాన్ని విడగొట్టే ఎంజైమ్ పేరు ఫైటేజ్. పచ్చి గింజలో అది ముందే ఉంటుంది. తడి తగిలి కాస్త పులుపెక్కితే పనిలోకి దిగుతుంది. అన్నమేమో ఉడికిపోయింది. దానిలోని ఎంజైములు ఎసట్లోనే పోయాయి. పైగా బియ్యాన్ని పాలిష్ పట్టినప్పుడే ఫైటేట్‌లో చాలా భాగం తవుడుతో వెళ్లిపోయింది. అందుకని ఈ విషయంలో చద్దన్నం కంటే చోడంబలికే (చోళ్లంటే రాగులు) నేను ఎక్కువ మార్కులేస్తాను.

మా అత్తగారు రాత్రి పచ్చి చోడిపిండినే నీళ్లలో కలిపి మూతేస్తారు. పొద్దున్నకి అది పులుస్తుంది, అప్పుడు నూకలతో కాస్తారు. వేడి తగిలేలోపు ఎంజైములకు రాత్రంతా టైం దొరుకుతుందన్నమాట. కాచిన జావలో మజ్జిగ కలిపేస్తే పులుపు వస్తుంది గానీ ఈ పని జరగదు. 100 గ్రాముల చోళ్లలో కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు, ఆవుపాలలో 120 దరిదాపు. అంబలి తాగిన వెంటనే టీ మాత్రం వద్దు. టీలోని పదార్థాలు ఇనుమును మళ్లీ పట్టేసుకుంటాయి. పక్కన వేయించిన ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే సి విటమిన్ అందుకు విరుగుడు.

చద్దన్నం గొప్పతనం వేరే చోట ఉంది. అది నాకు తెలిసొచ్చింది కడుపు చెడిపోయిన రోజున. పెళ్లైన కొత్తలో ఓ వేసవి రాత్రి మిగిలిన అన్నాన్ని కుక్కర్లోనే, మూత తీయకుండా వదిలేశాను. మర్నాడు మధ్యాహ్నం వేడి చేసుకుని తిన్నా. మూడు గంటలు తిరక్కుండానే వాంతులు. నా కథ బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా పనికి సరిగ్గా సరిపోతుంది. దాని బీజాలు ఉడుకులోనూ చావవు. గోరువెచ్చటి అన్నంలో మొలకెత్తి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు.

మరి అదే ఊళ్లో, అదే ఎండలో, చద్ది తిన్నవాళ్లకి ఏమీ కాదేం? అన్నం చల్లారగానే నీళ్లు పోసి, నిన్నటి తరవాణి ఒక గరిటె కలుపుతారు కాబట్టి. ఆ గరిటెలో ఉన్నవి లాక్టిక్ బ్యాక్టీరియా, పాలను తోడుపెట్టే జాతి. అవి ఆమ్లం తయారు చేస్తూ పోతే పీహెచ్ నాలుగున్నర దరిదాపులకు దిగుతుంది. అంత పులుపులో సెరియస్ పెరగడం చాలా కష్టం. పాత తరవాణి లేకపోతే రెండు చెంచాల పుల్ల మజ్జిగ చాలు. కంపు కొట్టినా, జిగురు సాగినా పారబోయడమే, అన్నం పోయిందని చూడకూడదు.

చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత గట్టిపడి తొందరగా అరగదు. నిజమే, కానీ ఆ వాటా చిన్నదే. షుగర్ ఉన్నవాళ్లు ఇదే సాకుగా రెండో గిన్నె పెట్టించుకుంటామంటే నేను ఒప్పుకోను.

మా కంచంలో అసలు లోపాలు ఉప్పూ, మాంసకృత్తుల కొరతా. అన్నంలో ఉప్పు, ఊరగాయలో ఉప్పు, ఎండుచేపలో ఉప్పు. రోజు మొత్తానికి ఉండాల్సింది 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా. నేను చద్దిలో ఉప్పు మానేసి, ఊరగాయ బదులు కాల్చిన వంకాయ పచ్చడి పెడుతున్నాను. మాంసకృత్తులకి మౌసీ దగ్గర నేర్చుకున్న డాల్మా ఉంది: పప్పులోనే బొప్పాయి కాయ, గుమ్మడి, అరటికాయ ముక్కలు వేసి ఉడికించి, దించాక వేయించిన జీలకర్ర, మిరప పొడి చల్లడం. ఒకటే గిన్నె, తోముకోవడానికీ సుఖం.

చలికాలంలో కుండ మొండికేస్తుంది. బ్యాక్టీరియా మందగించి, తెల్లారేసరికి పులుపు పట్టదు. అప్పుడు అత్తగారు దాన్ని చల్లారుతున్న పొయ్యి పక్కకి జరిపి, చుట్టూ పాత చీర కప్పుతారు. పొద్దున్నే మూత తీసి ముందు వాసన చూస్తారు. ఆవిడ తలూపితేనే కంచాలు పెడతాం.