సీసా మసకబారితే ఆగాలి

రౌండ్ బాటమ్ ఫ్లాస్కులో ఆముదంలా చిక్కటి ద్రవం ఉంది. రంగు లేదు, వాసన లేదు. రాత్రంతా ఆయిల్ బాత్‌లో వేడి చేసి పొద్దున తీసి చూస్తే, ద్రవం తగిలినంత మేర ఫ్లాస్కు లోపలి గోడ పొగ పట్టినట్టు మసకగా కనిపిస్తుంది. అసిటోన్‌తో కడిగినా పోదు, బ్రష్ పెట్టి తోమినా పోదు. అది మురికైతే గదా పోవడానికి! గాజే కరిగింది. కరిగించింది హైడ్రోజన్ ఫ్లోరైడ్. ఆ ఫ్లాస్కులో పోసిన రసాయనం సీసా మీది లేబుల్‌లో ఆ పేరు ఎక్కడా ఉండదు.

ఆ ద్రవం పూర్తి పేరు 1-బ్యూటైల్-3-మిథైల్ ఇమిడజోలియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. ల్యాబుల్లో అందరూ బీమిమ్ పీఎఫ్6 అంటారు. ఇది అయానిక్ ద్రవం, అంటే ద్రవరూపంలో ఉన్న లవణం. వంటింటి ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. 100 డిగ్రీల లోపే కరిగే లవణాలను అయానిక్ ద్రవాలు అంటున్నారు. బీమిమ్ పీఎఫ్6 సుమారు 10 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఏడాది పొడవునా ద్రవంగానే ఉంటుంది. ఇలాంటి లవణాన్ని 1914లోనే పాల్ వాల్డెన్ వర్ణించాడు. గాలినీ తేమనూ కొంత తట్టుకునే ఇమిడజోలియం ద్రవాలను 1992లో విల్క్స్, జవరోట్కో ప్రకటించాక వీటి వాడకం పెరిగింది.

మామూలు ఉష్ణోగ్రతల్లో ఇవి దాదాపు ఆవిరి కావు. ఈథర్‌లా భగ్గుమని అంటుకోవు, క్లోరోఫామ్‌లా ముక్కుకు తగలవు. అందుకే వీటికి 'గ్రీన్ సాల్వెంట్' అన్న పేరొచ్చింది. ఆ పేరు చేసిన మేలు కన్నా కీడే ఎక్కువని నా అభిప్రాయం. ఆవిరి లేకపోతే పీల్చే ప్రమాదం తగ్గుతుంది, అంతవరకే. చర్మానికి తగిలితే, కడుపులోకి పోతే, నీళ్లతో కలిసి వేడెక్కితే ఏమవుతుందో ఆ పేరు చెప్పదు. 2003లో అలబామా విశ్వవిద్యాలయంలో రాబిన్ రోజర్స్ బృందం ఈ బీమిమ్ పీఎఫ్6నే పరిశీలించి, అది విరిగి ఫ్లోరైడ్ లవణంగా మారిన స్ఫటికాన్ని చూపించింది. అయానిక్ ద్రవాలన్నీ ఎప్పుడూ 'గ్రీన్' కావని అప్పుడే తేటతెల్లమైంది.

లెక్క వేసి చూస్తే విషయం ఎంత పెద్దదో తెలుస్తుంది. పీఎఫ్6 అయాన్ ఒక్కటి నీళ్లతో పూర్తిగా విరిగితే ఆరు హైడ్రోజన్ ఫ్లోరైడ్ అణువులు వస్తాయి. బీమిమ్ పీఎఫ్6 అణుభారం 284. పది గ్రాములు పూర్తిగా విరిగితే సుమారు 4.2 గ్రాముల హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. ఒక్క రాత్రిలో అంతా విరగదు, నిజమే. కానీ గాజు మసకబారడానికీ వేలు కాలడానికీ అందులో వందో వంతు చాలు. పీఎఫ్6 విరగాలంటే వేడో ఆమ్లమో తోడు కావాలి. దాని చెల్లెలు లాంటి టెట్రాఫ్లోరోబొరేట్, అంటే బీఎఫ్4, నీళ్లు కలిస్తే గది ఉష్ణోగ్రతలోనే విరగడం మొదలుపెడుతుంది.

మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ అంటే ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. బోరు నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దన్నది ప్రమాణం. ఏళ్ల తరబడి అలాంటి నీళ్లు తాగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగిన కాళ్లు, బిగుసుకున్న నడుములు మనం కళ్లారా చూసినవే. ఫ్లోరైడ్‌కు కాల్షియం అంటే విడదీయరాని ఆకర్షణ. ఆ ఆకర్షణే ఊళ్లలో ఎముకల్లో ఏళ్ల మీద పని చేస్తే, ల్యాబులో హైడ్రోజన్ ఫ్లోరైడ్ చర్మం దాటి రక్తంలోని కాల్షియాన్ని గంటల్లో లాగేస్తుంది. కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది.

అసలు నీళ్లూ ఆమ్లమూ ఈ ద్రవంలోకి ఎక్కడి నుంచి వస్తాయి? చాలాసార్లు తయారీలోనే మిగిలిపోతాయి. మొదట మిథైల్ ఇమిడజోల్‌కు బ్రోమోబ్యూటేన్ కలిపి బ్రోమైడ్ లవణం చేస్తారు. ఈ చర్యలో వేడి పుడుతుంది. ఉత్పత్తి చిక్కబడేకొద్దీ ఆ వేడి బయటికి పోదు. అంతా ఒక్కసారే పోసి మాగ్నెటిక్ స్టిర్రర్‌ను నమ్ముకుంటే లోపల ఉష్ణోగ్రత చేయిదాటి, సరుకు నల్లబడి, కండెన్సర్‌లోంచి పొంగి బయటికి వస్తుంది. బ్రోమోబ్యూటేన్‌ను చుక్కచుక్కగా వేయాలి, థర్మామీటరు బాత్‌లో కాకుండా ఫ్లాస్కులోనే ఉండాలి. రెండో మెట్టులో బ్రోమైడ్‌ను పీఎఫ్6తో మారుస్తారు. ఇక్కడ కొందరు హెక్సాఫ్లోరోఫాస్ఫారిక్ ఆమ్లం వాడతారు. పొటాషియం లవణంతో అదే పని జరుగుతున్నప్పుడు ఆమ్లం జోలికి పోవద్దు. కడగడంలో మిగిలిన కొంచెం ఆమ్లమే తర్వాత ఫ్లాస్కు గోడ తినే పని మొదలుపెడుతుంది.

బీమిమ్ పీఎఫ్6 నీళ్లతో కలవదు, బరువు ఎక్కువ, అడుగున నిలుస్తుంది. పైనున్న నీళ్లు తీసేసి డిస్టిల్డ్ వాటర్‌తో ఐదారుసార్లు కడగాలి. మన దగ్గర కుళాయి నీళ్లతో ఈ పని చేయొద్దు. బోరు నీళ్లలో క్లోరైడ్ ఉంటుంది కాబట్టి సిల్వర్ నైట్రేట్ చుక్క వేయగానే తెల్లటి మసక వస్తుంది, మిగిలిన బ్రోమైడ్ పోయిందో లేదో ఎంత కడిగినా తేలదు. కడిగిన నీటికి సిల్వర్ నైట్రేట్ వేస్తే తేటగా ఉండాలి, పీహెచ్ కాగితం రంగు మారకూడదు. రెండూ తేలాకే వాక్యూమ్‌లో 60, 70 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. ఆమ్లం పోకముందే వేడి పెడితే వేడి, తేమ, ఆమ్లం మూడూ ఒకేచోట చేరతాయి. నీళ్లు ఎంత మిగిలాయో కార్ల్ ఫిషర్ టైట్రేషన్‌తో చూసి సీసా మీద తేదీతో సహా రాయాలి.

పాత సీసా తెరిచే ముందు ఒక చిన్న పరీక్ష ఉంది. ఫ్యూమ్ హుడ్‌లో మూత కొంచెం వదులు చేసి, తడిపిన పీహెచ్ కాగితాన్ని పట్టకారుతో సీసా నోటి దగ్గర పట్టుకోవాలి. ఎర్రబడితే మూత బిగించి పక్కన పెట్టాలి. ముక్కు పెట్టి చూడకూడదు. నిల్వకు గాజు వద్దు, హెచ్‌డీపీఈ లేదా పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ సీసా వాడాలి. రేకుల కప్పు కింద స్టోరు గది మే నెలలో ఎంత కాగుతుందో మనకు తెలుసు, కరెంటు పోతే ఏసీని నమ్ముకోలేం. వానకాలంలో మూత తీసి ఉంచితే బీమిమ్ క్లోరైడ్ లాంటి రకాలు గాలిలోని తేమ పీల్చుకుని పాకంలా మారతాయి.

చిట్యాల, చౌటుప్పల్, పోలేపల్లి వైపు ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. గ్రాముల్లో ఫ్లాస్కు మసకబారితే ఫ్లాస్కు పారేస్తాం. అదే చర్య జీఎల్ఆర్‌లోకి, అంటే లోపల గాజు పూత ఉన్న ఉక్కు రియాక్టర్‌లోకి వెళ్తే, తినేది ఆ గాజు పూతను. పూతలో చిన్న రంధ్రం పడితే కింద ఉక్కు ఆమ్లానికి దొరుకుతుంది. స్కేలప్‌కు, అంటే పెద్ద మోతాదులో చేయడానికి ముందే గాజు ముక్క ఒకటి తూచి ద్రవంలో ఉంచి, పనిచేసే ఉష్ణోగ్రతలో ఒకట్రెండు రోజులు పెట్టి మళ్లీ తూచితే సంగతి బయటపడుతుంది.

ఫ్లోరిన్ లేని రకాలైతే నిశ్చింతగా ఉండొచ్చా అంటే, లేదు. బీమిమ్ క్లోరైడ్ మింగితే విషం. ఇమిడజోలియం మీది కార్బన్ గొలుసు పొడవయ్యేకొద్దీ విషగుణం పెరుగుతుంది, ఆక్టైల్ రకం బ్యూటైల్ కన్నా ప్రమాదకరం. అల్యూమినియం క్లోరైడ్‌తో చేసే క్లోరోఅల్యూమినేట్లు నీళ్లు తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ చిమ్ముతూ చిటపటలాడతాయి. ఇవి ఆవిరి కావన్న మాటకూ హద్దుంది. 2006లోనే కొన్నింటిని 200 నుంచి 300 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో డిస్టిల్ చేసి చూపించారు.

చేతులకు నైట్రైల్ గ్లోవ్స్, కళ్లకు పక్కలు మూసిన గాగుల్స్ ఉండాలి. ద్రవం చిక్కగా ఉంటుంది కాబట్టి పిపెట్‌లో పీల్చడం కన్నా తూచి తీసుకోవడం నయం. గ్లోవ్ మీద పడిన చుక్క ఎండిపోదు, డోర్ హ్యాండిల్ దాకా ఫోన్ దాకా మనతోనే వస్తుంది. పడగానే గ్లోవ్ మార్చాలి.

విరిగిందన్న అనుమానమున్న ద్రవం చర్మానికి తగిలితే నొప్పి కోసం ఎదురుచూడొద్దు. పల్చటి హైడ్రోజన్ ఫ్లోరైడ్ ద్రావణం తగిలితే 24 గంటల దాకా నొప్పి తెలియకపోవచ్చు. బట్టలు, ఉంగరం తీసి ధారగా నీళ్లతో ఐదు నిమిషాలు కడిగి, 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ గ్లోవ్ వేసుకున్న చేత్తో రుద్దుతూ ఉండాలి. జెల్ లేకపోతే 15 నిమిషాలు కడుగుతూనే బండి పిలిపించాలి. జెల్ ముందే కొని పెట్టుకోవాలి, లేదంటే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్ల ఆంపుల్‌ను నీళ్లలో కలిసే 30 మిల్లీలీటర్ల జెల్లీలో కలిపితే సరిగ్గా 2.5 శాతం వస్తుంది. మత్తుమందు కలిసిన జెల్లీ వద్దు, చికిత్స పనిచేస్తోందో లేదో చెప్పేది నొప్పి తగ్గడమే. కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్లే, జెల్ పెట్టకూడదు. ఆస్పత్రిలో 'యాసిడ్ పడింది' అని ఊరుకోకుండా 'హైడ్రోజన్ ఫ్లోరైడ్' అని పేరు పెట్టి చెప్పాలి. సీరం కాల్షియం, ఈసీజీ చూడమని అడగాలి.

నేల మీద ఒలికితే ఇసుక పోయొద్దు, అందులోని సిలికాతో కూడా హైడ్రోజన్ ఫ్లోరైడ్ చర్య జరుపుతుంది. కాల్షియం కార్బొనేట్ గానీ సున్నం పొడి గానీ చల్లి ఎత్తాలి. సింకులో మాత్రం ఒక్క చుక్క పోయకూడదు. బీమిమ్ పీఎఫ్6 నీళ్లతో కొట్టుకుపోదు, పైపు వంపులో అడుగున కూర్చుని తర్వాత ఎవరు వేడినీళ్లు పోస్తారో, ఎవరు ఆమ్లం పోస్తారో చూస్తుంది. వ్యర్థాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పోసి, 90 రోజుల్లోపు అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. డబ్బా మీద రసాయనం పేరు కింద, తెలుగులోనే, ఊడ్చే అమ్మకూ అర్థమయ్యేంత పెద్ద అక్షరాలతో రాయాలి: 'ఫ్లోరైడ్ ఉంది. గాజులో పోయొద్దు. తడి తగలొద్దు.'