ఒకే గిన్నెలో నాలుగు రంగులు

బెంగళూరు చిక్‌పేటలో మూలికలు అమ్మే అంగడిలో, ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ వేళ్లు పావుకిలో కొన్నాను. దంచి, రాత్రంతా నానబెట్టి, పొద్దున సన్న సెగ మీద పెట్టి, ఆ గిన్నెలోనే నాలుగు గుడ్డ ముక్కలు వేశాను. గంట తరువాత తీసి చూస్తే మామూలు నూలు ముక్క వెలిసిన గులాబి, పటిక పెట్టిన నూలు ఇటుక ఎరుపు, ఇనుపనీళ్లు పెట్టినది ఊదా కలిసిన గోధుమ రంగు. పటిక పెట్టిన పట్టు ముక్క మాత్రం దానిమ్మ గింజలా మెరిసింది. నాలుగూ తాగింది ఒకే గిన్నెలోని నీళ్లు.

మాది చీరాల. వెదురు గడల మీద ఆరేసిన నూలు చిలపల కింద, కారే రంగునీళ్లు తొక్కుతూ పెరిగాను. రంగంటే పొట్లంలో వచ్చే పొడి అనే అనుకునేదాన్ని. బెంగళూరులో టెక్స్‌టైల్ డిజైన్ చదువు మొదలుపెట్టాకే ఆ పొడిది సగం పాత్రేనని తెలిసింది. మిగతా సగం ఎక్కడుందో వెతకడమే ఈ రెండేళ్లుగా నా పని.

పట్టు ప్రొటీన్. దాని గొలుసుల్లో రంగు అణువులూ లోహ అయాన్లూ అతుక్కునే చోట్లు చాలా ఉన్నాయి. రంగును పట్టే గుణం పట్టుకు పుట్టుకతోనే ఉంది. నూలు సెల్యులోజ్. మంజిష్ఠ రంగు దాని మీద ఊరికే వాలుతుంది, జాడిస్తే పోతుంది. పటికలోని అల్యూమినియం ఒక వైపు దారాన్నీ మరో వైపు రంగు అణువునూ పట్టుకుని కదలనివ్వదు. ఇలాంటి మధ్యవర్తిని మార్డెంట్ అంటారు. కొరకడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టిన పేరు అది. అల్యూమినియం స్థానంలో ఇనుము వస్తే అదే రంగు అణువులో ఎలక్ట్రాన్లు వేరేగా సర్దుకుంటాయి, వేరే కాంతిని మింగుతాయి. మన కంటికి చేరేది మింగగా మిగిలిన కాంతి కాబట్టి రంగు మారిపోతుంది.

చిక్కేమిటంటే, నూలు పటికను కూడా గట్టిగా పట్టదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు ఈ ముడిని కరక్కాయతో విప్పారు. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో గుడ్డను ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని టానిన్లు దారానికి అంటుకుని లోహానికి ఆసరా ఇస్తాయి. పాలలోని కొవ్వు కలం గీతను పక్కకు పాకనివ్వదు. ఇక నలుపు కోసం కసిమి. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడితే, పులుపులో పుట్టిన ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది.

వెదురు పుల్లను కసిమిలో ముంచి, కరక్కాయ పట్టిన లేత పసుపు గుడ్డ మీద ఒక గీత గీశాను. తాకిన క్షణంలో పలచని బూడిద రంగు. ఊపిరి బిగబట్టి చూస్తుండగానే అది చిక్కబడి, ముదిరి, కాటుకలా నల్లబడింది. టానిన్‌తో కలిసిన ఇనుముకు గాలిలోని ఆక్సిజన్ తగిలితే ఆ నలుపు తేలుతుంది. ఆ గీతలో సగం పని గదిలోని గాలిది. ఇదే ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ గుడ్డను తినేస్తుంది కూడా. పాత అద్దకపు గుడ్డల్లో నలుపున్న చోటే చిల్లులు పడేది అందుకే.

నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టినవి నీళ్లు. హాస్టల్‌లో ట్యాంకరు నీళ్లతో వచ్చిన ఎరుపు, స్నేహితురాలి ఇంట్లో కుళాయిలో వచ్చే కావేరి నీళ్లతో రాలేదు. కొలతలన్నీ అవే: 100 గ్రాముల గుడ్డకు 15 గ్రాముల పటిక. నాన్నకు ఫోను చేస్తే మొదటి ప్రశ్నే, "నీళ్లు ఎక్కడివమ్మా? బోరువా, కుళాయివా?" ట్యాంకరులో వచ్చేది బోరు నీరు. అందులో కాల్షియం ఎక్కువ. మంజిష్ఠ ఎరుపులో అల్యూమినియంతో పాటు కాల్షియం కూడా కలిసి రంగును నిలబెడుతుంది. కావేరి నీళ్లలో చిటికెడు సుద్దపొడి కలిపి మళ్లీ అద్దాను. ఆ ఎరుపు తిరిగి వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

1868లో గ్రేబే, లీబర్‌మాన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్ అనే రంగు పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. అద్దకంలో వాడే చిరివేరు అనే మొక్క వేరులోని ఎరుపు అదే. నూనె పట్టించిన దారంతో నేసే మా చీరాల తేలియా రుమాళ్లలోకి కూడా ఆ అంగడి ఎరుపు వచ్చి చేరింది. 1956లో మార్కెట్లోకి వచ్చిన రియాక్టివ్ రంగులకు మధ్యవర్తే అక్కరలేదు, అవి సెల్యులోజ్‌తో నేరుగా బంధం కట్టుకుంటాయి. కాకపోతే వాటికి ఉప్పు బాగా కావాలి, దారానికి అంటని రంగంతా మురుగులో కలుస్తుంది. అలాగని మొక్కల రంగులన్నీ మంచివని చెప్పలేను. ఆకుపచ్చ ఛాయ కోసం మైలుతుత్తం వాడేవాళ్లున్నారు. అందులోని రాగి నీటిలోని ప్రాణులకు విషం. దాన్ని నేను మానేశాను.

ఇప్పుడు గది కిటికీకి నాలుగు ముక్కలూ అంటించి, ఒక్కోదాని సగం మీద అట్టముక్క కప్పాను. పక్కన పసుపుతో అద్దిన ముక్క కూడా పెట్టాను. నాలుగు రోజుల ఎండకే దాని తెరిచిన సగం పాలిపోయింది. మంజిష్ఠ ఎరుపులో ఇంకా తేడా కనబడలేదు. అట్ట తీయడానికి మరో మూడు వారాలు ఆగాలి.