బెజవాడ ఎండకు లెక్కగట్టిన హీట్ సింక్

విజయవాడ,
ఏప్రిల్ నెల.

చిరంజీవులకు ఆశీస్సులు.

టీడీఏ 7294 ఐసీతో ఆంప్లిఫయర్ కట్టామని, అరగంట పాడాక దానంతటదే మూగబోతోందని, కాసేపు ఆగితే మళ్ళీ పాడుతోందని రాశారు. మీ ఐసీ పాడవలేదు. లోపలి చిప్పు 145 డిగ్రీలకు చేరితే ఆ ఐసీ తనకు తానే గొంతు మూసుకుంటుంది, 150 దాటితే పూర్తిగా ఆగిపోతుంది. కాస్త చల్లారాక మళ్ళీ మొదలెడుతుంది. అంటే వేడి పుట్టినంత వేగంగా బయటికి పోవడం లేదు. ఆ వేడిని గాలికి వదిలే రెక్కల అల్యూమినియం దిమ్మే హీట్ సింక్. షాపులో అడిగితే "పెద్ద సింకు తీసుకోండి" అన్నారట. ఎంత పెద్దదో లెక్క కట్టి తెలుసుకోవచ్చు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

ముందు వేడి ఎంతో చూద్దాం. మీది 18-0-18 ట్రాన్స్‌ఫార్మర్. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి, కెపాసిటర్లు దాటాక ప్లస్ 25, మైనస్ 25 వోల్టులు వస్తాయి, మొత్తం 50. ఈ 50ని 50తో గుణించండి, 2500. స్పీకరు 8 ఓమ్‌లు, దాన్ని ఈ లెక్కలో మారని అంకె 19.7తో గుణిస్తే దాదాపు 158. 2500ని 158తో భాగిస్తే సుమారు 16 వాట్లు. పాట లేకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా ఐసీ తాగే కరెంటుకు ఇంకో వాటున్నర కలిపి 17 అనుకోండి. ఒక్క చానల్ నుంచి రాగల గరిష్ఠ వేడి ఇది. ఇంకో సంగతి, ఈ గరిష్ఠం వాల్యూమ్ నిండా పెట్టినప్పుడు రాదు. గొంతు చీలకుండా ఇవ్వగలిగిన పవర్‌లో 40 శాతం దగ్గర వస్తుంది. "సగమే పెట్టాం, అయినా కాలిపోతోంది" అని మీరు ఆశ్చర్యపోయింది ఇందుకే. మామూలు పాటల్లో హెచ్చుతగ్గులుంటాయి కాబట్టి సగటు వేడి ఇంతకంటే తక్కువే. అయినా ఎడతెరిపి లేని డప్పు, బేస్ ఉన్న పాటలు గంటలకొద్దీ పెడతారు కదా, 17కే లెక్క కట్టండి.

ఇప్పుడు ఆ వేడి నడిచే దారి. చిప్పు నుంచి ఐసీ వెనకున్న లోహపు పలకకు, పలక నుంచి మైకా (కరెంటును ఆపే పల్చటి రేకు), వేడిని దాటించే పేస్ట్ దాటి సింకుకు, సింకు నుంచి గాలికి. ప్రతి అంచె దగ్గరా కొంత అడ్డు ఉంటుంది. దాన్ని ఒక్కో వాటుకు ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో చెప్పి కొలుస్తారు. ఈ ఐసీకి లోపలి అడ్డు ఎక్కువలో ఎక్కువ 1.5. మైకాకు రెండు వైపులా పేస్ట్ రాసి సరిగ్గా బిగిస్తే 0.7 వేసుకోండి. చిప్పును 125 డిగ్రీల దగ్గర ఆపాలని మన కోరిక.

పుస్తకాల్లో చుట్టూ గాలి 25 డిగ్రీలని రాస్తారు. అలా కడితే 125లోంచి 25 పోతే 100, దాన్ని 17తో భాగిస్తే 5.9, అందులో 2.2 (1.5, 0.7 కలిపి) తీసేస్తే వాటుకు 3.7 డిగ్రీల సింకు చాలంటుంది లెక్క. కానీ రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది. మే నెలలో 44, 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి, డాబా పైగదిలో స్లాబు రాత్రి దాకా కాగుతూనే ఉంటుంది. 45 పెట్టి కట్టండి: 80ని 17తో భాగిస్తే 4.7, 2.2 పోతే 2.5. ఈ అంకె ఎంత తగ్గితే సింకు అంత పెద్దది కావాలి. డిసెంబరులో బాగా పాడిన సెట్టు మే నెలలో మూగబోవడానికి కారణం ఈ తేడానే. నన్నడిగితే 2.5 కూడా చాలదు. ఆ లెక్కన సింకు 87 డిగ్రీలకు చేరుతుంది, పక్కనున్న కెపాసిటర్లు ఎండిపోతాయి. అవి ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ ఆయుష్షులో దాదాపు సగం పోగొట్టుకుంటాయి. ఒక్కో చానల్‌కు 1.5 డిగ్రీల సింకు పెట్టండి, 70 దగ్గర ఆగుతుంది. రెండు ఐసీలూ ఒకే సింకు మీద పెడితే ఈ అంకె సగం కావాలి, 0.75. అంత దిమ్మ కొనేకంటే రెండు విడి సింకులు మేలు.

మీలో ఒకరు 4 ఓమ్‌ల స్పీకరు తగిలించారట. అదే 25 వోల్టులతో అయితే వేడి 33 వాట్లకు పోతుంది. 80ని 33తో భాగిస్తే 2.4, అందులో 2.2 తీసేస్తే సింకుకు మిగిలేది 0.2. ఫ్యాను లేకుండా అంత సింకు ఇంట్లో పెట్టుకోలేం. సింకు జోలికి పోకుండా ట్రాన్స్‌ఫార్మర్ మార్చండి. 12-0-12 పెడితే వేడి 15 వాట్ల దగ్గరికి దిగుతుంది.

మరి షాపులో సింకు మీద ఏ అంకె ఉండదు కదా అంటారు. మనమే కొలుద్దాం. బంగారు రంగు అల్యూమినియం ఒంటి రెసిస్టరు, 10 ఓమ్‌లు 50 వాట్లది, కొనండి. పేస్ట్ రాసి సింకు మధ్యలో బిగించి, 12 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టరు తగిలించండి. 14.4 వాట్ల వేడి పుడుతుంది. రెక్కలు నిలువుగా ఉండేలా నిలబెట్టి, గదిలో ఫ్యాను ఆపి, ముప్పావుగంట వదిలేయండి. ఉష్ణోగ్రత వైరున్న మల్టీమీటరుతో రెసిస్టరు పక్కన సింకును కొలవండి. గది 34, సింకు 66 చూపిస్తే తేడా 32. దాన్ని 14.4తో భాగిస్తే 2.2. అదే ఆ సింకు అంకె. ఒక్కసారి కొలిచి స్కెచ్ పెన్నుతో సింకు మీద రాసిపెట్టుకోండి.

స్లైడింగ్ కిటికీల సెక్షన్ ముక్కలు తెచ్చి సింకు చేద్దామనుకుంటున్నారట. ఆ రేకు మరీ పల్చన, ఐసీ కింద కాలుతూ నాలుగంగుళాల అవతల చల్లగా ఉంటుంది. అడుగు కనీసం 5, 6 మిల్లీమీటర్ల మందం ఉండాలి. ఫ్యాను లేకపోతే రెక్కకూ రెక్కకూ మధ్య 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు కావాలి. పాత కంప్యూటరు సింకుల్లో రెక్కలు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఫ్యాను లేకుండా వాటిలో గాలి కదలదు. చిల్లులు, మరలు మీకు కుదరకపోతే ఆటోనగర్‌లో ఏ లేత్ షాపుకు పట్టుకెళ్ళినా వేసిస్తారు.

ఇక బిగించడం. ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు, నిదానంగా చదవండి. డ్రిల్ వేసిన చిల్లు అంచున కంటికి సరిగా కనపడని మొన లేస్తుంది. వేలితో తడిమితే గీరుకుంటుంది. దానికంటే లావు బిట్టు చేత్తో పట్టుకుని చిల్లులో రెండు తిప్పులు తిప్పితే ఆ మొన పోతుంది. తియ్యకపోతే మైకాను పొడిచేస్తుంది. పేస్ట్ పెసరగింజంత చాలు. మైకాకు రెండు వైపులా పాత ఏటీఎం కార్డు అంచుతో, వెనక ఉన్నది లీలగా కనపడేంత పల్చగా రాయండి. ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవద్దు. అల్యూమినియంతో పోలిస్తే పేస్ట్ వేడిని చాలా తక్కువగా మోస్తుంది. గరుకు సందుల్లోని గాలిని తరిమేయడం వరకే దాని పని. ఐసీని బిగించి, వెంటనే ఒకసారి విప్పి చూడండి. పలక అంతా ఒకేరకంగా పల్చటి మరక ఉంటే సరిగ్గా కూర్చుంది. ఒక మూల మాత్రమే అంటి, ఇంకో మూల రాసింది రాసినట్టే తెల్లగా ఉంటే సింకు చదునుగా లేదన్నమాట. గాజు పలక మీద నీటి కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) పరిచి, సింకు ముఖాన్ని దాని మీద రుద్ది చదును చేయండి. మళ్ళీ బిగించేటప్పుడు స్క్రూ ఆచితూచి తిప్పండి, మరీ బిగిస్తే పలక ఒక పక్క లేస్తుంది. కాళ్ళకు టంకం పెట్టేది బిగించడం అయ్యాకే. ముందు పెడితే కాళ్ళ మీద లాగుడు పడి, వేడెక్కి చల్లారే కొద్దీ టంకం పగులుతుంది.

ఆ లోహపు పలక లోపల మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. సింకు పెట్టెకు తగిలి, పెట్టె గ్రౌండ్‌కు కలిస్తే మైనస్ 25 నేరుగా షార్ట్ అవుతుంది. ఫ్యూజు ఉంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే బ్రిడ్జి పోతుంది. అందుకే మైకా, స్క్రూకు ప్లాస్టిక్ బుష్. ప్లగ్గు పీకి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని చూసుకుని, మల్టీమీటరును బీప్ మీద పెట్టి ఒక ముల్లు పలకకు, ఒక ముల్లు సింకుకు ఆనించండి. కూత రాకూడదు. ఐసీలు కాక 2ఎస్‌సీ 5200, 2ఎస్‌ఏ 1943 ట్రాన్సిస్టర్లతో కట్టేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. వాటి బేస్‌కు ఇచ్చే వోల్టేజీని, అంటే బయాస్‌ను, చూసే చిన్న ట్రాన్సిస్టర్ బీడీ 139 కూడా అదే సింకు మీద ఉండాలి. ట్రాన్సిస్టర్ వేడెక్కిన ప్రతి డిగ్రీకీ దానికి కావలసిన బేస్ వోల్టేజీ సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. బయాస్ కూడా దాంతోపాటు తగ్గకపోతే కరెంటు పెరుగుతుంది, కరెంటుకు వేడి, వేడికి మళ్ళీ కరెంటు. చివరికి ట్రాన్సిస్టర్ మాడిపోతుంది.

ఫ్యాను గురించి. 80 మిల్లీమీటర్ల 12 వోల్టుల కంప్యూటరు ఫ్యాను చాలు, అదే సింకు అంకెను సగానికో అంతకంటే కిందికో దించుతుంది. నిండు 12 వోల్టులిస్తే నెమ్మది పాటల్లో దాని రొద వినపడుతుంది. 39 ఓమ్‌ల 1 వాట్ రెసిస్టరు వరసలో పెడితే 8 వోల్టుల దగ్గర తిరుగుతుంది, రొద బాగా తగ్గుతుంది, గాలి మరీ తగ్గదు. ఆ వోల్టేజీ దగ్గర ఆగి ఉన్న ఫ్యాను దానంతటదే మొదలవుతుందో లేదో పదిసార్లు చూసుకోండి, కొన్ని మొరాయిస్తాయి. సింకుకు 10, 15 మిల్లీమీటర్లు ఎడంగా పెట్టండి. ఫ్యాను మధ్యనున్న మోటారు గుండు వెనక గాలి దాదాపు ఉండదు, ఐసీని సరిగ్గా ఆ గుండుకు ఎదురుగా ఉంచొద్దు. చట్రం మీద బాణం గుర్తు గాలి వెళ్ళే దిక్కు చెబుతుంది. ఫ్యానుకు విడి చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి. ఆంప్లిఫయర్ సప్లైలోంచి లాగి, దాని గ్రౌండ్‌ను ఇన్‌పుట్ గ్రౌండ్‌తో కలిపితే స్పీకర్లో సన్నటి కీచు వస్తుంది. ఎప్పుడూ తిరగక్కర్లేదు అనుకుంటే కేఎస్‌డీ 9700 థర్మోస్టాటు, మామూలుగా తెరిచి ఉండే 60 డిగ్రీల రకం, సింకుకు బిగించండి. 45 డిగ్రీలది కొంటే మన వేసవిలో అది ఆగనే ఆగదు.

పెట్టె కింద 15 మిల్లీమీటర్ల రబ్బరు కాళ్ళు, అడుగునా పైనా చిల్లులు. చల్లగాలి కిందనుంచి వచ్చి వేడిగాలి పైకి పోవాలి. గోడ గూట్లో ఇరికించొద్దు. అమ్మ ముచ్చటపడి కుట్టిన కవరు, సెట్టు పాడుతున్నంత సేపు తీసి పక్కన పెట్టమని చెప్పండి. రెండు మూడు నెలలకోసారి పెయింటు బ్రష్షుతో రెక్కల మధ్య దుమ్ము తీయండి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని తుడవండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. మెయిన్స్‌కు వరసలో 60 వాట్ల పాతరకం సిరీస్ బల్బు పెట్టండి. బల్బు క్షణం వెలిగి మసకబారితే మంచిదే, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపండి. ఆ తర్వాత బల్బు తీసేసి, మధ్యాహ్నం రెండింటప్పుడు, గదిలో అత్యంత వేడిగా ఉన్నప్పుడు, గంటసేపు పాడించి పది నిమిషాలకోసారి సింకు డిగ్రీలు కాగితం మీద రాయండి. ఆ కాగితం ఫొటో నాకు పంపండి. మైకా ముక్కలు మాత్రం లెక్కకు రెండు ఎక్కువ కొనండి, మొదటిది బిగించేటప్పుడు చిట్లుతుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య